గంట తర్వాతి చుక్క

పోయిన రంజాన్ నెలలో
నా పక్కటెముకల మీద అక్కి పుట్టింది.
ఫోన్లో పెద్దమ్మ గొంతు:
"అది నడుం చుట్టూ తిరిగి తలా తోకా కలుపుకోకముందే
ఎర్రమన్ను తడిపి సింహం బొమ్మ రాయించుకోమ్మీ."
మస్కట్‌లో ఎటు చూసినా కొండలే.
ఎర్రమన్ను దొరికినా
సింహాన్ని రాసే చెయ్యి ఎక్కడ తెచ్చేది?

మా క్లినిక్ డాక్టరమ్మ మాత్రలిచ్చి,
"చిన్నప్పటి ఆటలమ్మే ఇది, నరంలో పడుకుని లేచింది.
నీ కాపలా సడలింది.
నిద్రపో. నడువు" అంది.

పన్నెండేళ్లుగా పరాయి రక్తం చూస్తూ కూర్చున్నదాన్ని,
కుర్చీకి నా ఆకారం వచ్చేసింది.
నైట్ డ్యూటీ దిగి, మత్రా కార్నిష్ మీద,
చేపల మార్కెట్ నుంచి
కొండ మీది ఆ పెద్ద తెల్ల ధూపపాత్ర దాకా అనుకున్నాను.
మొదటి రోజు సగంలోనే ఆయాసం.
రెయిలింగ్ పట్టుకుంటే అరచేతికి ఉప్పు తడి.

ముప్పై తొమ్మిదో రోజున ఒక పిచ్చిపని చేశాను:
నడకకు ముందొక చుక్క,
రాగానే ఒక చుక్క,
గంట తర్వాత ఒక చుక్క.
నా వేలి రక్తమే, నా గాజు పలకల మీదే.

మొదటి చుక్కలో మామూలు హాజరు.
రెండో చుక్కలో జాతర!
తెల్లారుజామున నాలుగింటికి క్యాంపు ముందు బస్సు హారన్ మోగితే
బంకు మంచాల మీంచి బిలబిలా దిగినట్టు
రక్తనాళాల గోడలకు చేరగిలబడ్డవీ
ప్లీహంలో ముడుచుకు పడుకున్నవీ
అన్నీ రోడ్డెక్కాయి.
గుండె కొట్టింది ఆ హారన్.

మూడో చుక్క దగ్గర నా చెయ్యి ఆగింది.
లేవు.
నడకకు ముందున్నన్ని కూడా లేవు.
మళ్లీ లెక్కపెట్టాను, అంతే.
నడిచి నడిచి చంపుకున్నానా వీటిని?

డాక్టరమ్మ పడీ పడీ నవ్వింది.
"పొద్దున పదింటికి క్యాంపుకెళ్లి చూడు,
మంచాలు ఖాళీ, రోడ్డు ఖాళీ.
అందరూ పోయారని ఏడుస్తావా?
పనికెళ్లారే పిచ్చిదానా,
ఊపిరితిత్తుల్లోకి, పేగుల్లోకి, సందుసందుకీ.
నువ్వు చూస్తున్నది రోడ్డుని."

ఆ నవ్వుతో ఒక వారం హాయిగా నడిచాను.

తర్వాత గడ్డం పోశాలు వచ్చాడు,
పరంజీలు కట్టేవాడు, నాలుగు నెలల్లో మూడోసారి.
పెదవి మూలన పొక్కులు, వదలని దగ్గు.
చీటీలో మందుల కింద అచ్చువేసి ఉన్న మాట
నన్ను చదవమన్నాడు:
రోజుకు అరగంట వ్యాయామం.
"అక్కా, దినాం ఇనుప పైపులు మోసుకుంట
తొమ్మిదంతస్తులు ఎక్కుత, దిగుత.
ఇంకో అరగంట యాడికెక్కాలె?"

అదే గుండె, అదే హారన్.
కానీ అతని బస్సు వెనక్కి తిరిగేదెప్పుడు?
ఎండలో పన్నెండు గంటలు,
ఆరుగురి గదిలో తునకలైన నిద్ర,
పనికెళ్లిన కణం కూడా ఎక్కడో ఒకచోట నడుం వాల్చాలి కదా.
ఇదంతా అతనికి చెప్పలేదు.
సూది తీసి, దూది అదిమి,
"శుక్రవారం ఏం చేస్తావు?" అన్నాను.
"బట్టలు పిండుకుంట. పంట."

ఆ శుక్రవారం, అసర్ పిలుపు అయ్యాక
చేపల మార్కెట్ దగ్గర ఉతికిన చొక్కాతో నిలబడ్డాడు.
మెల్లగా నడిచాం, పడవల పక్కన.
మధ్యలో రెండుసార్లు ఆగాడు, దగ్గొచ్చి కాదు.
"చేతుల్ల ఏం లేకుండ నడుసుడు
ఒక తీరుగున్నదక్కా" అని
అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు.
జేబుల్లో పెట్టాడు. తీశాడు.
వెనక్కి కట్టుకున్నాడు.
ధూపపాత్ర కనిపించే మలుపులో వదిలేశాడు,
వాటంతటవే ఊగాయి.

గంట తర్వాతి చుక్క
ఆ రోజు నేను తీయలేదు.